వెళ్ళొస్తానండీ

ఆ ఉదయం ఆవిడ వెల్డింగు బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ఆవిడ భర్త టైలరు, కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించలేక నాలుగోసారి తిట్టుకుంటున్నాడు. కుడికన్ను మసక. సోమవారం ఆపరేషను జరగకపోతే ఆ కన్ను ఇక దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ ఖర్చు ఈ దేశపు సామాజిక బీమాయే భరించాలి. అందుకే తలుపు సందులోంచి బీమా ఆఫీసు కవరు పడగానే ఇద్దరూ ఒక్కసారే లేచారు.

ఇక్కడి భాష వచ్చింది ఆవిడకే. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఏమైంది? ఇచ్చారా?"

"ఏడాదైనా ఇక్కడ ఉండే ఉద్దేశం లేనివాళ్ళకి బీమా ఇవ్వరట. వెళ్ళిపోతానని నువ్వే చెప్పావట!"

"నేనా? నీకేమైనా పిచ్చా?"

ఆవిడ విసిరిన గాజు గ్లాసు ఆయన చెవి పక్కనుంచి దూసుకెళ్ళి గోడకి తగిలి ముక్కలైంది. తర్వాత పళ్ళెం. తర్వాత కుట్టుమిషనుని బూటుకాలితో ఒక్క తన్ను. అది పక్కకి ఒరిగి పడింది.

"రెండేళ్ళు నిప్పురవ్వల్లో ఒళ్ళు కాల్చుకుని నిన్ను తెచ్చుకున్నాను! నువ్వూ మా నాన్నలాగే పోతావా?"

ఆయన ఆవిడ చెయ్యి మెలిపెట్టాడు. ఆవిడ ఆయన మణికట్టు కొరికింది. ఆయన చాచి కొట్టాడు. ఏడేళ్ళ కాపురంలో ఆ చెయ్యి ఆవిడ మీద లేవడం అదే మొదలు. కింద పడ్డ కత్తెర ఆవిడ చేతికి దొరికింది. లాక్కోబోయిన ఆయన అరచెయ్యి అడ్డంగా తెగింది. నెత్తురు టపటపా ఉత్తరం మీద రాలింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటే గానీ, ఆ క్షణాన ఇద్దరికీ సిగ్గు లేదు.

"ఏం వాగావా బీమా ఆఫీసులో? ఒక్క ముక్క వదలకుండా చెప్పు!"

"ఫోనులో అనువాదం చేసేవాడు అడిగినవాటికి చెప్పాను. మా ఆవిడతోనే ఉంటాను, చచ్చేదాకా ఇక్కడే ఉంటాను అన్నాను. దండం పెట్టి లేచాను."

"లేచి?"

"లేచి ఏముంది? 'వెళ్ళొస్తానండీ' అన్నాను."

ఆవిడ ఉత్తరం మళ్ళీ చూసింది. నెత్తుటి మరకల మధ్య ఆ వాక్యం ఉంది. 'తాను వెళ్ళిపోయి, మళ్ళీ ఎప్పుడో వస్తానని చివర్లో తెలిపారు.'

కత్తెర జారిపోయింది.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ నాన్న "వెళ్తున్నా" అని మాత్రమే అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అందుకే ఈ ఇంట్లో పాలప్యాకెట్టుకి వెళ్ళినా "వెళ్ళొస్తా" అనాల్సిందే. మర్చిపోతే ఆయన్ని మెట్ల మీదనుంచి వెనక్కి పిలిచి మరీ అనిపించేది.

"ఆ మాట నీకు అలవాటు చేసింది నేనే. నీ కన్ను నేనే పోగొట్టాను," అని గాజు ముక్కల మధ్యే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంకా పోలేదు కదే. నిన్ను కొట్టాను, ఈ చెయ్యి పడిపోనూ... ముందు దీనికి కట్టు కట్టు. కుట్లు వెయ్యడం నా పనే గానీ, ఒంటిచేత్తో రాదు."

పనికి సెలవు చెప్పి ఆవిడ ఆయన్ని బీమా ఆఫీసుకి తీసుకెళ్ళింది. అక్కడి ఉద్యోగిని అంతా విని, ఆయన చేతి కట్టుకేసి, ఆవిడ చెంపకేసి ఒకసారి చూసి, ఆ వాక్యం కొట్టేసి, బీమా ఇస్తున్నట్టు ముద్ర వేసింది. ఆయన లేచి దండం పెట్టి, అలవాటుగా నోరు తెరిచాడు. ఆవిడ గబుక్కున ఆ నోరు మూసేసింది.

ఇంటి తలుపు దగ్గర ఆయన ఆగాడు.

"ఇప్పుడేమనమంటావు?"

ఆవిడ చెంప మీద అయిదు వేళ్ళ గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. దాని మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చేశాను అను," అంది.

"వచ్చేశాను," అన్నాడాయన.