సగం మీసం

"గట్టిగా పిసకండి."

"పిసుకుతున్నానండీ."

"పిసకడం లేదు, బుజ్జగిస్తున్నారు."

ఇదీ మా తొలి పరిచయం. నా కుడిచేతిలో మెత్తటి రబ్బరు ముద్ద, ఎదురుగా థెరపీ మేడమ్.

నాకో సెలూన్ ఉంది. కొత్త బోర్డు నేనే కడతానని నిచ్చెనెక్కి, బోర్డుతో సహా కింద పడ్డాను. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కత్తి పట్టుకుంటే ఒకటే వణుకు. వణికే చేతికి గొంతు ఎవరప్పగిస్తారు చెప్పండి? చెయ్యి కుదురుకోకపోతే దుకాణం మూసుకోవడమే.

మేడమ్ నా ఏడుపేమీ పట్టించుకోలేదు. బట్టల క్లిప్పులు తీగకు పెట్టించి, మళ్లీ తీయించింది. గిన్నెలోంచి గుండీలు ఏరించింది. చివరికి ఓ బెలూన్ ఊది, నురగ పూసి, గీయమంది. అది ఢామ్మని పేలి, నురగంతా ఆవిడ ముక్కు మీద పడింది.

"అయ్యయ్యో! సారీ అండీ."

"పర్లేదు, బెలూన్ కేసు పెట్టదులెండి. ఇంకోటి ఊదండి."

ముక్కు మీద నురగతోనే అంత సీరియస్‌గా అంది. నా పని అక్కడే అయిపోయింది.

క్రమంగా బెలూన్లు పేలడం మానేశాయి. ఒకరోజు మేడమ్ అంది: "రేపు ఆఖరి పరీక్ష. ఈసారి బెలూన్ కాదు, మనిషి. పాసైతే ఇక మీరు రానక్కర్లేదు."

చెయ్యి బాగైతే మేడమ్ కనిపించదు. బాగవకపోతే దుకాణం ఉండదు. ఇదెక్కడి గొడవరా బాబూ అనుకున్నాను.

మర్నాడు థెరపీ గదిలో, అద్దం ముందు కుర్చీలో భారీ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. మొహంలో సగభాగం గుబురు మీసమే ఆక్రమించింది. "గడ్డం గీసి, మీసం కత్తిరించండి" అని చెప్పి, మేడమ్ పక్క గదిలో ఎవరిదో మోకాలు వంచడానికి వెళ్లిపోయింది.

కుర్చీలో మనిషి కూర్చుంటే నా నోరు ఊరుకోదు. గడ్డం నున్నగా వచ్చింది. మీసం ఎడమవైపు కత్తిరించేసరికి నా కథంతా చెప్పేశాను.

"అయితే ఆ మేడమ్ అంటే ఇష్టమా?" అన్నాడాయన.

"ఇష్టమేమిటి సార్, ప్రాణం! తిట్టినా బాగుంటుంది."

"మరి చెప్పలేదేం?"

"వాళ్ల నాన్న నా రెండో చెయ్యి కూడా విరగ్గొడితే? ఆవిడకే అంత మొండితనం ఉందంటే, ఆయనెలాంటి వాడో!"

తలుపు తెరుచుకుంది. "నాన్నా, అయిందా?" అంది మేడమ్.

నా చేతిలో కత్తెర టకటకా కొట్టుకుంది. అద్దంలో ఆయన, ఎడమవైపు పొందికైన మీసంతో, కుడివైపు పొదతో నన్నే చూస్తున్నాడు.

"ఆపావేం? ఇలా వీధిలోకి వెళ్లమంటావా?" అన్నాడు.

"చెయ్యి... వణుకుతోంది సార్."

మేడమ్ వచ్చి నా మోచేతి కింద చెయ్యి పెట్టింది. "ఇది ఎముక వణుకు కాదు, భయం. భుజం వదులుగా పెట్టండి. ఊపిరి తీసుకోండి. ఇప్పుడు కానివ్వండి."

తీసుకున్నాను. కత్తెర కుదురుగా కదిలింది. ఆవిడ చెయ్యి తీసేసినా కదిలింది. నా చెయ్యి నాకొచ్చేసింది! కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మీసం దువ్వుకున్నాడు. "పాస్. ఇక ఈ అబ్బాయి ఇక్కడికి రానక్కర్లేదమ్మా."

నా మొహం వాడిపోయింది. ధైర్యం చేసి మేడమ్‌ని అడిగాను. "పేషెంట్లందరికీ పరీక్ష మీ నాన్నగారి మీదేనా అండీ?"

మేడమ్ కింద పడ్డ మీసం వెంట్రుకలు ఊడుస్తూ, తలెత్తకుండానే అంది. "నేనింతవరకు ఏ పేషెంటునీ ఆ మీసం ముట్టుకోనివ్వలేదు."

ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు. "గడ్డం మళ్లీ పెరుగుతుంది కదా! ఆదివారం ఇంటికి రా. నీ రెండో చేతికి పూచీ నాది."