చేసినవాళ్ల పేరు లేని క్రియ

"పన్నెండు గంటలకి దీవులకెళ్లే పడవ కదులుతుంది. అందులో ఒక జర్మన్ గూఢచారిణి ఉంటుంది. మన ఓడరేవుల ఫొటోలన్నీ ఆమె దగ్గరున్నాయి. అవతల సబ్‌మెరైన్ కాచుకుని ఉంది," అన్నాడు మేజర్ రువాన్. "ముఖం తెలీదు. ఐరిష్ మాత్రం నీకన్నా బాగా మాట్లాడుతుందట!"

ఏజెంట్ ఫెహీన్ ఆ రేవున్న ఐర్లండ్ పడమటి తీరం కొనమారాలో పుట్టినవాడే. గడ్డం అతికించుకుని, చేపల వ్యాపారి వేషంలో రేవుకి వెళ్లాడు. పడవ దగ్గర ఎర్ర లంగాలు, శాలువాలతో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ముగ్గురి దగ్గరా బుట్టలే.

"ఈ బుట్ట నువ్వే చేశావా?"

ఐరిష్‌లో 'అవును' అనే మాట లేదు. అడిగిన క్రియతోనే జవాబు చెప్పాలి.

"రిన్యె," అంది మొదటావిడ. చేశానని. "కొంటావా, చూసి పోతావా, ముసలాయనా?"

"రిన్యె," అంది రెండో ఆవిడ.

"యెన్యస్," అంది మూడో ఆవిడ. అందగత్తె.

అర్థం అదే. కానీ అది దక్షిణాన కెర్రీలో పలికే రూపం. ఈ తీరంలో ఆ మాట అనేది ఒక్కరే. కెర్రీ నుంచి కోడలిగా వచ్చిన ఫెహీన్ తల్లి. ఆడవాళ్లు పడవెక్కారు.

తాడు విప్పారు. అతను పడవలోకి దూకాడు. మూడో ఆవిడ పిస్టల్ తీసేలోపే మణికట్టు మెలిపెట్టాడు. లిప్‌స్టిక్ గొట్టంలో ఫిల్మ్ దొరికింది. పెనుగులాటలో అతని గడ్డం ఊడింది.

"నువ్వా, ఫెహీన్! మీ ఇంట్లో గోడమీద ఫొటోలోనే బాగున్నావు," అని నవ్విందామె. "యుద్ధానికి ముందు రెండు వేసవులు మీ అమ్మ దగ్గరే భాష నేర్చుకున్నా. ఈసారి నన్ను పది రోజులు దాచింది."

"నువ్వెవరో అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఆమె కెర్రీ మాటకి ఊరంతా నవ్విందట. కొడుకూ నవ్వాడట. నవ్వకుండా నేర్చుకున్నది నేనొక్కదాన్నేనట."

నిజమే, ఒకప్పుడు ఫెహీన్ కూడా నవ్వాడు.

ఆఫీసుకెళ్లి ఐరిష్‌లోనే రిపోర్టు రాశాడు. మేజర్ చదివి తలెత్తాడు.

"'ఆశ్రయం ఏర్పాటు చేయడం జరిగింది.' ఎవరు చేశారోయ్?"

"ఆ రూపంలో కర్త ఉండడు సార్. వ్యాకరణం."

మేజర్ సొరుగులోంచి ఇంకో కాగితం తీసి ముందుకు తోశాడు.

"ఇది అరెస్టు వారంటు. దీనికి వ్యాకరణం రాదు. పేరు రాయి."