రెండంగుళాల పంతం

నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. మా తాతయ్య ఐదడుగుల మనిషి. ఆయన సైకిలు నాకు వచ్చింది కానీ, ఆయన ఎత్తు రాలేదు. తొక్కుతుంటే మోకాళ్లు హ్యాండిల్‌కి తగిలేవి. రెండువేల ఒకటిలో పొదిలికి ఏడు కిలోమీటర్ల దూరంలోని బడిలో విద్యా వలంటీరుగా చేరాను. వారం తిరిగేసరికి నడుం నొప్పితో బోర్డు మీద రాయడమే కష్టమైపోయింది.

అందుకే గౌస్ బాషా గారి సైకిలు కొట్టుకి వెళ్లాను. ఆయన చెయ్యి విరిగి కట్టులో ఉంది. బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పని చేస్తున్నది ఆయన కూతురు నగ్మా. చున్నీ నడుముకి బిగించి, చేతిలో పానాతో లేచి నిలబడి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. దానికి కాస్త టైం పట్టింది.

"సీటు పెంచాలా, హ్యాండిలా?"

"రెండూనండీ. హ్యాండిల్ బాగా పెంచండి."

సీటు లేపి బిగించాక, హ్యాండిల్ పైనున్న బోల్టుని రెండు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. లోపలి పట్టు వదిలింది. హ్యాండిల్ పైకి లాగుతూ, కింది రాడ్డు మీద సన్నటి గీత అంచు కనపడగానే ఆపేసింది.

"ఇంతే."

"ఇంకో రెండంగుళాలు లేపండి."

"కుదరదు."

"ఎందుక్కుదరదు? ఇంకా రాడ్డు ఉందిగా లోపల!"

"ఉంది. ఉండాలి కూడా. ఈ గీత చూశారా? మా నాన్న ప్రతి రాడ్డుకీ ఆకురాయితో గీస్తాడు. ఇది బయటికొచ్చిందంటే లోపల పట్టు చాలదు. హ్యాండిల్ చేతికి ఊడొస్తది."

"నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివానండీ."

"అయితే ఆ ఫిజిక్స్‌నే లేపమనండి."

పేపరు వెనక గౌస్ బాషా గారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని తెలిసి నా చెవులు వేడెక్కాయి. థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాను.

కోపం బడిదాకా కూడా నిలవలేదు. నగ్మా మొహం మీద పడ్డ జుట్టుని, చేతికి గ్రీజు ఉందని మోచేత్తో వెనక్కి తోసుకోవడం ఒకటే గుర్తొస్తోంది. ఆ రోజు స్టాఫ్ రూములో ఆమె పేరు ఎన్నిసార్లు ఎత్తానో, మా హెడ్మాస్టరు క్రీస్తుదాసు గారు సుద్దముక్క పక్కన పెట్టేశారు.

"యూసుఫ్, ఊరికే ఆశ పెట్టుకోకు. నెలాఖరుకి గౌస్ బాషా కట్టు విప్పుతారు. ఆ పిల్లకి కనిగిరి సంబంధం చూస్తున్నారంట. బట్టల షాపు వాళ్లు. పెళ్లయ్యాక పానా ముట్టుకోకూడదని షరతంట."

తెలివైనవాడైతే ఆ సాయంత్రమే కొట్టుకి వెళ్లేవాడు. నేను వెళ్లలేదు. వెళితే ఆమె చెప్పిందే రైటని ఒప్పుకున్నట్టవుతుందని నా బాధ. ఇరవై రోజులు ఆ రోడ్డు వదిలేసి సందుల్లోంచి తిరిగాను. ప్రేమా కావాలి, పంతమూ నెగ్గాలి!

చివరికి ఒక ఆదివారం పక్కింట్లో పానా అడిగి తెచ్చుకుని హ్యాండిల్ నేనే లేపాను. గీత దాటించి రెండంగుళాలు. దర్జాగా నిటారుగా కూర్చుని ఆమె కొట్టు ముందు నుంచి వెళ్లాలని ప్లాను. అయితే హ్యాండిల్‌తోపాటు బ్రేకు కడ్డీ కూడా పైకి లేచి, రబ్బర్లు రిమ్ముని పట్టేసుకున్నాయి. చక్రం కదలదు. ఏం చెయ్యాలో తెలీక ముందు చక్రం బ్రేకు కడ్డీ పూర్తిగా పీకేశాను. అదీ నా ఫిజిక్సు.

సోమవారం పొద్దున్నే బడి ముందున్న దిగుడులో, మిరపకాయలు ఎండబోసిన కల్లం దగ్గర, హ్యాండిల్ చేతికొచ్చేసింది. సైకిలు ఒకవైపు వెళ్లింది. నేను హ్యాండిల్ పట్టుకునే కాయల్లోకి వెళ్లాను.

"ఓరి నాయనో! పొడుగు సారు కాయల్లో పడ్డాడే!"

కల్లంలో ఆడవాళ్లు నవ్వుతూనే లేవదీసి, మొహం మీద కుండెడు నీళ్లు కుమ్మరించారు. పొదిలి వెళ్లే ట్రాక్టరులో బస్తాల మధ్య సైకిలు వేసి నన్నూ ఎక్కించారు. హ్యాండిల్ ఒళ్లో పెట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో గౌస్ బాషా గారి కొట్టు ముందు దిగాను.

నగ్మా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పరుగున వచ్చి నా చేతులు చూసింది, మోకాలు చూసింది.

"పళ్లున్నాయా?"

"ఉన్నాయండీ."

అప్పుడు మొదలుపెట్టింది. "బుద్ధుందా అండీ మీకు? వెనక లారీ వచ్చుంటే? చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. ఆమె మిరపకాయల్లో పడలేదు.

గిర్రున లోపలికెళ్లి పేపరు చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే కొత్త హ్యాండిల్ రాడ్డు. పాతదానికన్నా జానెడు పొడుగు.

"మీరు అలిగి పోయిన మర్నాడే ఒంగోలు నుంచి తెప్పించా. దీంతో ఎంత లేపినా లోపల పట్టు ఉంటది. ఇయ్యాలొస్తారు, రేపొస్తారు అని ఇరవై రోజులు రోడ్డు చూశా."

కూర్చుని ఆమె పని చేస్తుంటే చూశాను. రాడ్డు దించింది, నేను పీకేసిన చోట వేరే బ్రేకు కడ్డీ వేసి నా కొత్త ఎత్తుకి సరిచేసింది.

"ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకోండి. హ్యాండిల్ వంకర పోకూడదు."

పట్టుకున్నాను. ఆమె వంగి బోల్టు బిగిస్తోంది.

"కనిగిరి వాళ్లు ఎప్పుడొస్తున్నారు?" అన్నాను.

"ఆదివారం."

"మీకిష్టమేనా?"

"పానా ముట్టుకోవద్దంటున్నారు. ఇష్టం ఎట్టా ఉంటది?"

ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే నా అంత మూర్ఖుడు ఉండడు.

"నగ్మా గారూ, ఆ రోజు మీ మాట వినకపోవడం నా తప్పే. మీరు నచ్చారని చెప్పడం చేతకాక పొగరు చూపించాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

పానా ఆగింది.

"పెళ్లయినా నేను ఈ కొట్లోకి వస్తా."

"రండి."

"చేతులకి గ్రీజు పోదు."

"పోకపోతే మానె."

"మీ అమ్మగారు ఏమంటారు?"

"మా అమ్మ జోహరాబీ పాతికేళ్లు కుట్టుమిషను తొక్కి నన్ను పెంచింది. పనిచేసే చేతులంటే ఆవిడకి గౌరవం."

నగ్మా పానా మళ్లీ బోల్టుకి తగిలించింది. తల అడ్డంగా మాత్రం ఊపలేదు. అప్పుడు బల్ల మీద పేపరు మడతపెట్టిన చప్పుడైంది. గౌస్ బాషా గారు అక్కడే ఉన్నారన్న సంగతే మేమిద్దరం మర్చిపోయాం.

"సారూ," అన్నారాయన, "శుక్రవారం నమాజు అయ్యాక మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ."

"ఉండొద్దని చెప్పు. మా ఇంటికి తీసుకురా. ఆదివారం రావద్దని కనిగిరికి నేను కబురు చేస్తాలే."

నగ్మా తల ఇంకా కిందికి వంచుకుని బోల్టు బిగించసాగింది. అది ఎప్పుడో బిగిసిపోయింది.