ఓర్పుకు కృతజ్ఞతలు

పొద్దున్నే అత్తగారి కాళ్లకు నూనె రాసి చేతులు కడుక్కుంటున్న కోడలి ముందు భర్త లాప్‌టాప్ తెచ్చి పెట్టాడు. పెళ్లిలో కూడా అతని మొహం అంత వెలగలేదు.

"సూక్ష్మజీవుల పత్రిక నా పరిశోధన పేపర్ తీసుకుందోయ్! నువ్విక్కడ ఒక్క నొక్కు నొక్కితే అచ్చుకి వెళ్లిపోతుంది."

"మధ్యలో నేనెందుకు?"

"కృతజ్ఞతల్లో ఎవరి ప్రస్తావన ఉన్నా వాళ్ల ఒప్పుదల కావాలట. అదో నియమం వాళ్లకి."

ఆమె చదివింది. రచయితగా అతని పేరొక్కటే ఉంది. చిట్టచివర చిన్న అక్షరాల్లో, 'నా భార్య ఓర్పుకు కృతజ్ఞతలు.'

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే ల్యాబ్. కొళాయి గొట్టాల్లోని జిగురు తెచ్చి, అందులోని సూక్ష్మజీవుల్ని మూతలున్న గాజు ప్లేట్లలో పెంచేవారు. నాలుగైదు రోజుల్లో ఏమీ మొలవకపోతే పారేయడం అక్కడి అలవాటు. ఆమె మాత్రం వాటికి టేపు చుట్టి, అందరిచేతా చివాట్లు తింటూ, వారాల తరబడి అడుగు అరలో దాచింది. చివరికి ఆవగింజంత పసుపు చుక్కలు తేలాయి. అంతకుముందు ఎవరూ చూడని జీవి అది. ఆ నెలలోనే అత్తగారికి కాళ్లు పడిపోయాయి. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఆ ఎవరో ఎవరని ఎవరూ అడగలేదు.

"నా పేరేదండీ?"

"చివర్లో నీ గురించి రాశాగా!"

"అది వంటమనిషికి చెప్పే థాంక్స్. కొత్త జీవి లేకుండా ఉత్త లెక్కలు పంపితే తీసుకోబోమని ఆ పత్రికే రాసుకుంది. ఆ జీవిని పట్టిందెవరు?"

"తర్వాత రెక్కలు ముక్కలు చేసుకుంది నేను కాదా? పైగా ప్రమోషన్ దగ్గరపడింది. మొగుడూ పెళ్లాల పేర్లు పక్కపక్కన కనిపిస్తే జనం నవ్వుతారు."

"వాళ్లెవరో నవ్వుతారని నా నోరు కొడతారా?"

"ఇప్పుడు చేర్చాలంటే, ముందు ఎందుకు లేదో సంపాదకుడికి కారణం రాయాలి. ఏమని రాయను? నా పరువేం కావాలి?"

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు లేచింది. "ఒరేయ్, నాకు పడిపోయింది కాళ్లేరా, చెవులు కాదు! ఆ రోజు ఫోనొస్తే ఉద్యోగం వదిలి పరిగెత్తుకొచ్చింది అది. నువ్వు మీటింగన్నావు. నేను అమ్మని నీకా, దానికా?"

అతను కూర్చుని సంపాదకుడికి, 'పొరపాటున ఒక పేరు తప్పిపోయింది' అని టైపు చేశాడు.

"పొరపాటా?" వెనకనుంచి అడిగిందామె.

ఆ మాట చెరిపేశాడు. 'ఈ జీవిని కనుక్కున్నది నా భార్య. తెలిసే ఆమె పేరు వదిలేశాను' అని రాసేసరికి అతని కళ్లు నిండాయి. ఆమెకు మాత్రం జాలి కలగలేదు.

మర్నాడు పత్రిక నుంచి ఆమెకే మెయిల్ వచ్చింది. మీరు ఈ పేపర్ రచయితేనా? దిద్దేవి ఉంటే దిద్ది, ఔనని నొక్కండి.

"నొక్కవోయ్, వాళ్లు ఎదురుచూస్తుంటారు."

"నా పేరుతో వెళ్లేది మొదట్నుంచీ చదివే నొక్కుతాను. ఈలోగా మీ అమ్మకి భోజనం పెట్టండి."

అతను కంచం తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆమె చదువుతూ రెండో పేజీలో ఆగిపోయింది. 'పొరపాటున పారేయకుండా మిగిలిపోయిన ప్లేట్లలో...'

ఇన్నాళ్లుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే ఆ మాటలు కొట్టేసి, 'పారేయమన్నా వినకుండా దాచిన ప్లేట్లలో' అని దిద్దింది. ఆ తర్వాతే ఔనని నొక్కింది.