తోడుగాజు

రేగుంటలో ఆడవాళ్లు పొద్దున్నే లేచి, దేవుడి పటానికి దండం పెట్టకముందే చేతిగాజు చూసుకుంటారు. గాజు నీలంగా ఉంటే ఆ పూటకు ఇల్లు చల్లగా ఉన్నట్టు. పసుపుకు తిరిగితే మొగుడి మనసు సీసా వైపు లాగుతున్నట్టు. ఎర్రబడిందా, ఇక చెప్పేదేముంది, గొంతులో పోసేసుకున్నాడు. ఈ శతాబ్దం డెబ్బైల్లోకి వచ్చేసరికి కలుపు తీసే పనీ కోతపనీ అన్నీ యంత్రాలకే అప్పజెప్పేశారు గానీ, మొగుడు తాగొచ్చాడో లేదో కనిపెట్టే పని మాత్రం మొన్నమొన్నటిదాకా ఆడవాళ్ల ముక్కే చేసేది. చివరికి దానికీ ఒక యంత్రం వచ్చింది.

దాని పేరు తృష్ణామాపకం. అంత మాటకు నోరు తిరగక జనం గింజ అన్నారు. నిజంగానే అది బియ్యపుగింజంత బయోసెన్సర్. దాన్ని పెట్టించుకోవడానికి నగరంలో పెద్దాసుపత్రికి పోయి తలవంచుకుని కూర్చోనక్కర్లేదు. జ్వరానికి మాత్రలిచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే, మోచేతి పైన చర్మం కింద పెట్టేస్తారు. తాగాలన్న కోరిక మనిషికి తెలిసేలోపే ఒంటికి తెలుస్తుంది. గుండె వేగం మారుతుంది, చెమట మారుతుంది, నెత్తుట్లో రసాయనాలు మారతాయి. గింజ అది పసిగట్టి, తన కడుపులోని ఔషధాన్ని కాస్త వదులుతుంది. పొంగే పాల మీద నీళ్లు చిలకరించినట్టు కోరిక అణిగిపోతుంది. ఒకటే షరతు, తోడు లేనిదే గింజ పెట్టరు. ఇంటి మనిషి ఒకరు తోడుగాజు తొడుక్కోవాలి. లోపలి కబురంతా ఆ గాజుకు చేరుతుంది.

హన్విక మొగుడి పేరు సాత్విక్. పేరుకేం లెండి, తాగితే పొలం గట్టునే పడుకునేవాడు. పొలాల్లో తిరిగే డ్రోన్లు బాగుచేస్తాడు. గింజ పెట్టించుకున్నాక మనిషి మారిపోయాడు. హన్విక గాజు నీలం తప్ప ఇంకో రంగు ఎరగదు. నీ అంత అదృష్టం ఎవరికుందే అని ఊరంతా అంటుంటే ఆమెకు మాత్రం నమ్మకం కుదిరేది కాదు. ఇన్నేళ్లు నోరు తెరిస్తే అబద్ధమాడినవాడు బియ్యపుగింజకు లొంగుతాడా? కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది? యంత్రాలు విప్పి బిగించే చెయ్యి, గింజనూ ఏదో చేసే ఉంటుంది. ఇలా అనుకుని కూర కలుపుతూ గాజు చూసేది, నిద్రలో ఉలిక్కిపడి లేచి చూసేది. విప్పిన చొక్కా వాసన చూసేది.

పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దలకు వాళ్లకిష్టమైనవి పెట్టే అమావాస్య కదా, మామ పటం ముందు బ్రాందీ సీసా పెట్టక తప్పదు. హన్వికే కొనుక్కొచ్చి, బ్రాందీ ఎంతవరకు ఉందో అక్కడ ఎవరూ చూడకుండా కాటుకతో గీత పెట్టింది. వంటింట్లోకి వెళ్లి మాంసం కూర తెచ్చేసరికి సీసాలో బ్రాందీ గీత కిందికి దిగింది. గాజు చూస్తే నీలమే.

నాయిన పేరు చెప్పి గడప బయట సాక పోశానన్నాడు సాత్విక్. పెద్దల పేరిట అలా నేల మీద పోయడం వాళ్ల ఇంట్లో ఆనవాయితీయే, హన్వికకు తెలియంది కాదు. అయినా ఆగలేకపోయింది. భోజనాలకొచ్చిన చుట్టాలందరి ముందూ నోరు తెరువమంది. అతను తెరిచాడు. ఆమె వాసన చూసి, ఇలాచీ నమిలుంటావు అంది.

"తాగినా గిదే మాట, తాగకున్నా గిదే మాట," అన్నాడు సాత్విక్, గొంతు పెంచకుండా. "గట్లయితె తాగుడే నయం గదా?"

మర్నాడు ఆమె అతన్ని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయింది. డాక్టర్ నౌషీన్ అతని నెత్తురు పరీక్షించి, చుక్క కూడా తాగలేదని తేల్చింది. హన్విక ఇంకోసారి చూడమంది. అలా అంటూనే గాజు చూసుకుంది. డాక్టర్ సాత్విక్‌ను బయట కూర్చోమని పంపేసింది.

"ఇగ చూడొద్దు అని ఎప్పుడన్న అనుకున్నవా అమ్మా?"

"అనుకున్న. చాతనైతలేదు."

"చూస్తున్నవని ఎవరన్న అంటె కోపమొస్తదా?"

హన్విక గాజు చేతిని కొంగు కిందికి లాక్కుంది.

"తాగేటోళ్లను నేను గీ మాటలే అడుగుత," అంది నౌషీన్. "నీకు పట్టింది గూడ గసొంటిదే. గిట్లనే ఉంటె ఆయన చేతికి మళ్ల సీసా ఇచ్చేది నువ్వే."

హన్వికకు ఏడుపొచ్చింది. తాగుబోతు మొగుడితో అన్నేళ్లు కాపురం చేసింది, తాగని మొగుడితో చెయ్యలేకపోతోంది. గింజకు మాత్రం ఈ తేడాలేం లేవు. సీసా కోసమైనా, గాజు కోసమైనా, లాగుడు లాగుడే. డాక్టర్ ఆమెకూ ఒక గింజ పెట్టింది. తోడు లేనిదే పెట్టరాదు కనుక, ఆమె కబురు తెలిపే కడియం సాత్విక్ చేతికి తొడిగింది. మొగుడి మీద అనుమానం లాగినప్పుడల్లా కడియం పసుపవుతుంది.

మొదట్లో అది నీలమైందే తక్కువ. పోనుపోను తేటపడింది. హన్వికకు కంటినిండా నిద్ర పట్టింది. గాజు చేతికుందన్న సంగతే మరిచిపోయింది. ఒకరోజు పక్కింట్లో పెళ్లి అరిసెలు వత్తుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, పొద్దువాలేసరికి ఇంటికొచ్చింది.

సాత్విక్ గడప మీద కూర్చుని ఉన్నాడు. పనికి పోయినట్టు లేదు.

"ఇయ్యాల ఒక్కసారి గూడ పసుపు కాలే," అన్నాడు కడియం చూస్తూ.

అతను సంతోషపడుతున్నాడనుకుంది. "నువ్వు యాదికే రాలే పో," అంది నవ్వుతూ.

"అదే అడుగుతున్న. పొద్దంత నేను యాదికి రాలేదంటె, నీ మనసు ఎవ్వలి మీదున్నట్టు?"

పరాచికమనుకుని ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. సాత్విక్ లేచి వచ్చి, ఆమె కొంగు అందుకుని వాసన చూశాడు. అరిసెల నూనె వాసన తప్ప ఏమీ లేదు. నమ్మక మళ్లీ చూశాడు.

చాలా రోజులకు హన్విక తన గాజు వైపు చూసింది. చిక్కటి పసుపు. ఇంట్లో సీసా లేదు, అతనికి తాగాలనీ లేదు. అది ఏ దాహమో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.