వాల్వులు వేడెక్కేదాకా

"ఒక్కడివే వింటున్నావేంటి? పాటేమైనా దొంగిలించుకొచ్చావా?"

నయీబె నాతో అన్న మొదటి మాట ఇదే. నేనప్పుడు మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని ఆమె రిపేరు షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాను.

ఈ బరాంకియా ఊళ్ళో పాటంటే వీధి మొత్తానికీ సొంతం. ఆదివారం వచ్చిందంటే చాలు, గోడంత ఎత్తున్న పికో స్పీకర్లు, రంగురంగుల బొమ్మలేసినవి, గుమ్మాల ముందుకొచ్చేస్తాయి. పక్కింటి గిన్నెలు కూడా డాన్సు చేస్తాయి. నేనేమో బొగోటా వాణ్ణి. మాది చలి ఊరు, మెల్లగా మాట్లాడే జనం. వంతెన పనికి డ్రాయింగులు గీయడానికి వచ్చి అప్పటికి మూడు నెలలైంది.

"అది కాదండీ. వీటిని చాలా మంచివన్నారు. పాటేమో రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. మీరేమైనా చూస్తారా..."

"అండీ ఏంటి, మీరేంటి? నేనేమైనా మీ అమ్మమ్మనా?"

మా ఊళ్ళో కట్టుకున్న పెళ్ళాన్ని కూడా 'మీరు' అనే అంటాం. ఇక్కడ మేయరు ఎదురొచ్చినా 'నువ్వు' అనేస్తారు. మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి చేత్తో పట్టుకున్నాను.

గుమ్మంలో ఊగే కుర్చీలో ఉన్న పెద్దాయన పకపకా నవ్వాడు. ఆయన వాళ్ళ నాన్న, డాన్ ఎవరిస్తో. డాన్ అంటే ఇక్కడ పెద్దవాళ్ళకి 'గారు' లాంటిది. నలభై ఏళ్ళు పికోలు బాగుచేసీ చేసీ చెవులు సగం పోగొట్టుకున్న మనిషి.

"ఫోనుకి వీటిని మోసే సత్తువ లేదు, అంతే" అంటూ నయీబె హెడ్‌ఫోన్లు లాక్కుని, బల్ల మీదున్న చిన్న ఆంప్లిఫయర్ పెట్టెకి తగిలించింది. పెట్టె మీద బల్బుల్లాంటి రెండు గాజు వాల్వులు. వాళ్ళ నాన్న పాత పికోలోంచి తీసినవట. హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి స్విచ్చి వేసింది. ఏమీ వినిపించలేదు.

"పనిచెయ్యట్లేదండీ" అని తీసేయబోయాను.

నా చేతి మీద చెయ్యేసి ఆపింది. "కంగారెందుకు? వేడెక్కనీ."

గాజు లోపల సన్నగా ఎర్రదనం మొదలైంది. అరనిమిషం తర్వాత పాట నిదానంగా వచ్చింది. అకార్డియన్ తిత్తి తెరుచుకునే చప్పుడుతో సహా వచ్చింది. చరణానికి ముందు చిన్న అలికిడి.

"ఊపిరండీ! పాడేవాడు ఊపిరి తీసుకుంటున్నాడు!"

"తీసుకోకపోతే చస్తాడుగా మరి!"

ఆమె నవ్వు చూసి నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.

"నాకూ ఇలాంటిదొకటి చేసిపెట్టండి. ఎప్పుడిస్తారు?"

"ఇప్పుడే."

సరే కదా అని స్టూలు మీద కూర్చున్నాను. గంట గడిచింది. ఆమె షాపు మూసేస్తూ నన్ను చూసి, "అయ్యో, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంది.

"బాబూ, మా ఊళ్ళో ఇప్పుడే అంటే ఇప్పుడు కాదు" అన్నాడు డాన్ ఎవరిస్తో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ. "తర్వాతెప్పుడో."

పదకొండో రోజున నా పెట్టె చేతికొచ్చింది. ఇక అక్కణ్ణించి దానికి రోగాలే రోగాలు. ఒకరోజు బుర్రుమనేది, ఒకరోజు ఒక చెవే వినిపించేది. నాలుగోసారి తీసుకెళ్తే నయీబె వాల్వుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది దానంతటది వదులవ్వలేదు. ఎవరో పీకి, వంకరగా పెట్టారు."

"ఎలకలేమోనండీ."

"బొగోటా నుంచొచ్చిన ఎలకా?"

నా చెవులు కాలిపోయాయి. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు చల్లటి కొరోసో పళ్ళ రసం గ్లాసు నా ముందు పెట్టింది.

అక్టోబరులో నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. శనివారం బొగోటా వెళ్ళిపోవాలి. గురువారం మధ్యాహ్నం, మబ్బులు కమ్ముకొస్తుంటే, బాగానే ఉన్న ఆంప్లిఫయర్ని చంకలో పెట్టుకుని షాపుకెళ్ళాను.

"దీనికేం కాలేదు, నాకే అయింది" అన్నాను. "మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు ఊ అంటే బదిలీ వద్దని రాసిచ్చి, ఇక్కడే ఉండిపోతాను. లేదంటే శనివారం వెళ్ళిపోతాను."

ఆమె నన్నే చూసింది. చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. "ఇప్పుడే చెప్తా" అని గబగబా లోపలికెళ్ళిపోయింది.

ఇప్పుడే. ఇన్ని నెలలున్నాక ఆ మాటకి అర్థం తెలీదా నాకు? కాదని మొహం మీద చెప్పలేక నొప్పి తెలీకుండా చెప్పింది. ఆంప్లిఫయర్ని బల్ల మీదే వదిలేసి వానలోకి నడిచాను.

వీధి చివర అప్పటికే ఏరు పారుతోంది. ఈ ఊళ్ళో గట్టి వాన పడితే వీధులు ఏరులైపోతాయి, దాటిన మొనగాడు లేడు. ఎవరిదో కుర్చీ కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

"ఓయ్ బొగోటా!"

చెప్పుల్లేకుండా, తడిసి ముద్దయి, నయీబె.

"మా నాన్నకి ముందు చెప్పాలి కదా! ఆ చెవులకి మూడుసార్లు అరిచి చెప్పి వచ్చేలోపు ఎక్కడికి పోయావు?"

"మీరు... ఇప్పుడే అన్నారు కదండీ."

"అన్నాను!"

"అంటే తర్వాతెప్పుడో అని..."

ఆమె నెత్తి కొట్టుకుంది. "మొద్దూ! నీకర్థమవ్వాలని మీ ఊరి 'ఇప్పుడే' అన్నాను!"

"నేనేమో మీ ఊరిది విన్నాను."

"ఆ గాజు బుడ్లకి అరనిమిషం ఆగుతావు. నాకు రెండు నిమిషాలు ఆగలేకపోయావు." ఆమె కళ్ళల్లో ఉన్నది వాన నీళ్ళు కాదు.

సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "నయీబె, నువ్వు..."

"ఏమన్నావు?"

"నువ్వు."

"మళ్ళీ అను."

మళ్ళీ అన్నాను. చాలాసార్లు అన్నాను.

షాపు గుమ్మంలోంచి డాన్ ఎవరిస్తో వానకి మించి కేకేశాడు. "ఏమంటాడే? ఉంటాడా, పోతాడా?"

"ఉంటాడట నాన్నా! పెళ్ళెప్పుడని అడుగుతున్నాడు!" గొంతు చించుకుని అరిచింది నయీబె.

"ఇప్పుడే అని చెప్పు!"

ఇద్దరం ఒక్కసారే అటు తిరిగి అరిచాం.

"ఏ ఊరి 'ఇప్పుడే'?"