ప్రేమల వినని కథ

"అప్పుడు కొండ ఎన్క నుంచి ధడేల్!" అంటూ షెకినా డబ్బా మూతను నేలకేసి కొట్టింది.

చుట్టూ కూర్చుని అన్నం తింటున్న పిల్లలు ఉలిక్కిపడి, పకపకా నవ్వారు. అదే సమయానికి ఎయిర్‌ఫోర్స్ విమానమొకటి బడి మీదుగా గర్జించుకుంటూ పోయింది. ఇంకేం కావాలి! షెకినా గొంతు పెంచింది.

ఆ కథ బర్నబా మామ పుస్తకంలోది. సరిహద్దులో శత్రువుల మధ్య చిక్కుకుపోయిన సైనికుల నవల. మామ బీరువాలో కనబడితే షెకినా ఆపకుండా చదివేసింది. ఇప్పుడు రోజూ లంచ్ టైములో క్లాసు వాళ్లకు చెబుతోంది.

"కెప్టెన్ కాలుకు తుపాకి గోలీ తాకింది. రేడియో పని చేస్తలేదు. ఆడ ఇంట్ల ఆయన పెండ్లాం ఫోన్ ముంగట కూసొని..."

ప్రేమల చటుక్కున లేచింది. సగం తిన్న రొట్టెను డబ్బాలో పడేసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

"ఏమైందే దానికి?" అంది షెకినా.

"అది ఉత్త పిరికిది. నువ్వు చెప్పు!" అన్నాడు శ్రీశైల్.

షెకినా చెప్పింది. కానీ ఏం చెబుతోందో తనకే తెలియలేదు.

సాయంత్రం మామ ఇంటికి రాగానే అడిగింది. "మామా, నీ మిలిటరీ బుక్ మంచిదేనా?"

"మస్తుంటది. కని అది పెద్దోళ్ల బుక్ బిడ్డా. నీకు భయం కాలేదా?"

"నాకేం కాలె. అందరు చప్పట్లు గొట్టిన్రు. ప్రేమల ఒక్కతే ఏడ్సుకుంట పోయింది."

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. "వాళ్ల నాయిన మిలిటరీల ఉన్నడు గదనే?"

"ఉన్నడు! అందుకే దానికి ఇంకా నచ్చాలె గద?"

అమ్మా, మామా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "నువ్వే అడుగు పో దాన్ని," అంది అమ్మ.

షెకినాకు ఏమీ పాలుపోలేదు. పుస్తకం ఒకటే. మామకు సరదా. తనకు హుషారు. ప్రేమలకు ఏడుపు. తప్పు పుస్తకానిదా, చెప్పిన తనదా?

మరునాడు ప్రేమల నల్లా దగ్గర బాటిల్ నింపుకుంటుంటే, పక్కన నిలబడి అడిగేసింది. "నిన్న ఎందుకు లేచిపోయినవ్?"

ప్రేమల తలెత్తలేదు. "నాయిన ఫోన్ చెయ్యక చానా దినాలైంది. ఆడ సిగ్నల్ ఉండదంట. మా అమ్మ గట్లనే ఫోన్ ముంగట కూసుంటది."

"అది ఉత్త కథనే!"

"నీకు," అంది ప్రేమల.



లంచ్ బెల్లు కొట్టగానే అందరూ మూగారు. "కెప్టెన్ బతికిండా? చెప్పు, జల్ది!"

"నేను చెప్ప. గది పెద్దోళ్ల బుక్. కావాలంటే మీ ఇంట్ల అడిగి, మా మామ దగ్గర తీస్కోండ్రి."

"ఏందే, సగంల ఆపుతవా!" అని శ్రీశైల్ అలిగాడు. షెకినాకు బాధగానే ఉంది. అయినా డబ్బా తీసుకుని, మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న ప్రేమల దగ్గరకు వెళ్లింది.

"మీ నాయిన ఫోన్ల ఏం చెప్తడే?"

ప్రేమల అనుమానంగా చూసింది. "ఆడొక కుక్క ఉందంట. రొట్టెలన్ని ఎత్కపోతదంట. నాయిన మన ఊరి కన్నడంల తిడితే తోకూపుతదంట."

"అబ్బ! తర్వాత?"

శ్రీశైల్ కూడా మెల్లగా వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ప్రేమల గొంతు చాలా చిన్నది. షెకినా దగ్గరకు జరిగి, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రానీయకుండా వింది.